నాన్నగారి వాయిదాల డైరీ

(బందరులో జరిగిన సంస్మరణ సభలో ఒక న్యాయవాది తన తండ్రి గురించి చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, బార్ అసోసియేషన్‌లో నా తోటి లాయర్లకు, కోర్టు సిబ్బందికి, గుమాస్తాలకు నమస్కారం. వెనక వరసల్లో కూర్చున్నవాళ్లకు మాత్రం ఇంకో నమస్కారం విడిగా పెట్టుకోవాలి. మీలో చాలామంది కోడూరు నుంచి, నాగాయలంక నుంచి, బంటుమిల్లి నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చారు. ఇవాళ మీకు ఇక్కడ వాయిదా లేదు. అయినా వచ్చారు. మీ రోజుకి ఎంత విలువో లెక్కగట్టి రాసుకున్న మనిషి గురించే నేను మాట్లాడబోతున్నాను.

ఈ బల్ల మీద పెట్టినవి నాన్నగారి డైరీలు. 1966లో ఎన్‌రోల్ అయిన ఏడాది మొదలుపెట్టి, కళ్లు సహకరించినంత కాలం రాశారు. యాభైకి పైనే ఉన్నాయి. లాయరు డైరీ ఎలా ఉంటుందో ఇక్కడున్న సగం మందికి తెలుసు. కేసు నంబరు, పార్టీల పేర్లు, కేసు ఏ దశలో ఉంది, మళ్లీ వాయిదా ఎప్పుడు. అంతే. నాన్నగారి డైరీలో ఇంకొకటి కూడా ఉంటుంది. మార్జిన్‌లో పెన్సిల్‌తో చిన్న అక్షరాలు. కావాలంటే ఇది చూడండి: "నాగాయలంక. రెండు బస్సులు. భార్యాభర్తలు ఇద్దరూ వచ్చారు. రెండు కూలీలు పోయాయి." కింద ఇంకో కేసు: "పెడన. అద్దకం పని. బుధవారం వద్దు, సరుకు పంపే రోజు."

చిన్నప్పుడు ఇదేమిటని అడిగితే, "ఇది కేసు ఖర్చమ్మా, కోర్టు ఫీజు స్టాంపుల్లో రానిది" అన్నారు. అప్పుడు నాకు అర్థం కాలేదు.

బందరు లాయర్ల గురించి మాట్లాడితే పెద్ద పెద్ద పేర్లు చెప్పుకోవడం మనకు అలవాటు. చెప్పుకోవాలి కూడా. కొండా వెంకటప్పయ్య గారు ఈ ఊళ్లో ప్లీడరుగా ఉంటూనే దాసు నారాయణరావు గారితో కలిసి 1902లో కృష్ణాపత్రిక మొదలుపెట్టారు. తర్వాత ఆయన గుంటూరు వెళ్లి దేశభక్త అయ్యారు. నాన్నగారు ఆ కోవలో మనిషి కారు. జైలుకి వెళ్లలేదు, పత్రిక పెట్టలేదు, ఎన్నికల్లో నిలబడలేదు. హైకోర్టులో ఆయన పేరు మోగిపోలేదు. ఆయన వాదించిన కేసుల్లో ఎక్కువ భాగం ప్రామిసరీ నోటు దావాలు, గట్టు తగాదాలు, భాగ పంపకాలు, ఎదుటివాళ్లని ఆపమని కోర్టుని అడిగే ఇంజక్షన్లు. ఊరు దాటితే ఎవరికీ పట్టని కేసులు. కానీ ఆ కేసు ఉన్న ఇంటికి అదే ప్రపంచం. ఆ ఇంట్లో పెళ్లి ఆగుతుంది, నాటు ఆగుతుంది, అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేస్తారు. చిన్న ఊరి లాయరు చేతిలో ఉండేది అది.

నేను 1991లో నల్లకోటు వేసుకున్నాను. మొదటి ఏడాదే ఒక కేసులో ఎదుటి పక్షం సాక్షిని క్రాస్ చేయాల్సి, అంటే ప్రశ్నలడిగి నిలదీయాల్సి వచ్చింది. ముందురోజు ఇంట్లో చుట్టాలు, సరిగా చదువుకోలేదు. లేచి నిలబడి వాయిదా అడిగాను. ఇచ్చారు. మా తరఫు పార్టీ ఒక పెద్దావిడ. ఆవిడకి నమస్కారం పెట్టి, "మళ్లీ నెలలో రండమ్మా" అని పంపేశాను. సాయంత్రం నాన్నగారు డైరీ ముందు పెట్టుకుని అడిగారు.

"ఆవిడది ఏ ఊరు?"

తెలియదన్నాను.

"ఎలా వచ్చింది?"

తెలియదు.

"తోడెవరైనా ఉన్నారా?"

అదీ తెలియదు. ఆయన కోప్పడలేదు. "వాయిదా నువ్వు అడిగావు. చెల్లించింది ఆవిడ. ఎంత చెల్లించిందో కూడా నీకు తెలియదు" అన్నారు. మర్నాడు గుమాస్తా బాబాయిని అడిగి ఊరు కనుక్కుని, ఆ ఆదివారం బస్సెక్కి వెళ్లాను. ఆవిడ మనవణ్ణి పక్కింట్లో వదిలి వచ్చిందట ఆ రోజు. రానూపోనూ చార్జీ, ఒక రోజు కూలి ఆవిడ చేతిలో పెట్టాను. తీసుకోనంది. మా నాన్నగారు పంపారంటే తీసుకుంది. ఆ తర్వాత సిద్ధం కాలేదని నేను వాయిదా అడిగిన సందర్భం లేదు.

ఆయన తనకు జ్వరం వచ్చి కోర్టుకి వెళ్లలేకపోతే కూడా ఇదే లెక్క. పార్టీకి చార్జీ ఆయన జేబులోంచి పోయేది. ఎదుటి లాయరు వాయిదా మీద వాయిదా అడుగుతుంటే నాన్నగారు కేకలు వేసేవారు కారు. డైరీ తీసి, "అయ్యా, నా పార్టీ ఇది ఏడోసారి రావడం, ఇంత దూరం నుంచి" అని చదివేవారు. ఖర్చులు వేయమని అడిగేవారు. సివిల్ ప్రొసీజర్ కోడ్ సవరణ 2002 జులై నుంచి అమల్లోకి వచ్చి, విచారణలో ఒక పార్టీకి మూడుసార్లకు మించి వాయిదా ఇవ్వకూడదని రాసినప్పుడు ఆయన ఎంత సంతోషించారో! ఆ పేజీ కాపీ తీయించి ఆఫీసు గోడకి అంటించారు. అమలు ఎలా ఉందో ఈ హాల్లో ఉన్న మనందరికీ తెలుసు. నేను ఎవరినీ వేలెత్తి చూపడం లేదు. నా డైరీలోనూ పదేళ్ల కేసులున్నాయి.

ఇప్పుడు ఈ డైరీ గురించి చెప్పాలి. తడిసి అట్ట ఉబ్బిపోయింది చూడండి. ఇది 1977ది.

నవంబరు 19, శనివారం. నాకప్పుడు పదేళ్లు. ఆ తుపాను గాలి చప్పుడు విన్నవాళ్లు ఇక్కడ ఇంకా ఉన్నారు, వాళ్ల ముందు నేను వర్ణించను. మా వసారా పైకప్పు లేచిపోయింది. మేమంతా దేవుడి గదిలో కూర్చున్నాం. దివిసీమలో ఏం జరిగిందో మాకు రెండు రోజుల దాకా తెలియలేదు. సముద్రం ఊళ్ల మీదకు వచ్చిందని, వేలమంది పోయారని తెలిశాక నాన్నగారు ఇంకొందరు లాయర్లతో కలిసి బియ్యం, దుప్పట్లు వేసుకుని వెళ్లారు. వారం తర్వాత తిరిగొచ్చి చాలాసేపు ఎవరితోనూ మాట్లాడలేదు. తర్వాత మళ్లీ వెళ్లారు. ఈసారి తెల్లకాగితాలు, కార్బన్ పేపర్లు, రెవెన్యూ స్టాంపులు తీసుకుని.

బతికి బయటపడినవాళ్లకి తిండి, గుడ్డ తర్వాత పెద్ద భయం కాగితాల గురించి. పట్టా కాగితాలు, దస్తావేజులు, నోట్లు అన్నీ ట్రంకుపెట్టెలతో సహా పోయాయి. కాగితం పోతే పొలం పోయినట్టేనని చాలామంది అనుకున్నారు. నాన్నగారు చెట్టు కింద కూర్చుని రోజంతా చెప్పింది ఒకటే మాట: "దస్తావేజు కొట్టుకుపోతే హక్కు కొట్టుకుపోదు. రిజిస్టరు చేయించి ఉంటే దాని నకలు సబ్ రిజిస్ట్రారు ఆఫీసు పుస్తకంలో ఉంటుంది. అర్జీ పెడితే ఇస్తారు." ఊరు, సర్వే నంబరు, కొన్న ఏడాది గుర్తున్నంత మేరకు అడిగి తెలుసుకుని అర్జీలు రాసిపెట్టారు. సర్వే నంబరు గుర్తులేనివాళ్లని పక్క పొలం ఎవరిదని అడిగేవారు. ఆ పక్క పొలం వాళ్లు కొన్నిసార్లు అసలు లేరు.

అక్కడ ఆయన్ని ఒక అమ్మాయి కలిసింది. ఇరవై ఏళ్లుంటాయి. ఊరి పేరు చెప్పను, ఆ కుటుంబం ఇప్పటికీ ఉంది. భర్త కొట్టుకుపోయాడు, శవం దొరకలేదు. ఆ ఇంట్లో, పక్క ఇళ్లలో కూడా, అతను నీళ్లలోకి పోవడం చూశానని చెప్పేవాళ్లు ఎవరూ మిగల్లేదు. భర్త పేరు మీద చిన్న బీమా పాలసీ ఉంది, అరెకరం పొలం ఉంది. మనిషి చనిపోయాడని రుజువు కావాలి. చూసిన సాక్షి ఉంటే కోర్టు ముందే తేల్చవచ్చు. లేకపోతే అప్పటి సాక్ష్యాధారాల చట్టంలో 108వ సెక్షన్. సహజంగా కబురు తెలియాల్సినవాళ్లకే ఏడేళ్లపాటు ఏ కబురూ లేకపోతే, ఆ మనిషి బతికే ఉన్నాడని అనేవాడే రుజువు చేయాలి. అంటే ఏడేళ్లు ఆగాలి.

ఈ 1977 డైరీ చివరి పేజీలో ఆవిడ పేరుంది. పక్కన "1984 నవంబరు" అని రాసుంది. 1978 డైరీ కొనగానే చివరి పేజీలో మళ్లీ అదే రాశారు. 1979లో మళ్లీ. ప్రతి జనవరి ఒకటో తారీఖున పాత డైరీ చివరి పేజీ కొత్త డైరీలోకి ఎక్కేది. 1984 నవంబరులో ఆవిడకి కార్డు రాశారు, "అమ్మా, ఇప్పుడు రావచ్చు" అని. ఆవిడ మర్చిపోయిందట. వచ్చింది. దావా వేశారు, డిక్రీ వచ్చింది. ఫీజు సంగతి డైరీలో లేదు కాబట్టి తీసుకోలేదనే అనుకుంటున్నాను.

నాన్నగారిలో నాకు నచ్చింది దయ కన్నా ఎక్కువగా ఈ గుర్తుపెట్టుకోవడం. దయ ఆ రోజు అందరికీ కలిగింది. ఏడు జనవరీలు ఆ పేరు తిరగరాయడం వేరే పని.

ఇంటి సంగతికి వస్తాను. మా అక్క పెళ్లి 1985 మే నెలలో అయింది. అదే ఏడాది సెప్టెంబరు 5 నుంచి అమలయ్యేలా మన రాష్ట్రంలో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించారు. పిత్రార్జితంలో కొడుకుతో పాటు కూతురికి కూడా పుట్టుకతోనే సమాన హక్కు. దేశమంతటికీ ఆ హక్కు 2005 సెప్టెంబరు 9న గానీ రాలేదు, మనకు ఇరవై ఏళ్ల ముందే వచ్చింది. ఎన్టీ రామారావు గారి ప్రభుత్వం చేసిన పని అది, ఆడపిల్లగా నేను దాన్ని ఎప్పుడూ మర్చిపోను. అయితే అందులో ఒక గీత ఉంది. ఆ తేదీకి ముందే పెళ్లైన కూతుళ్లకు అది వర్తించదు. మా ఇంట్లో ఆ గీత సరిగ్గా మా ఇద్దరు అక్కచెల్లెళ్ల మధ్య పడింది. నాకు హక్కుంది, నాలుగు నెలల తేడాతో అక్కకి లేదు.

మాకున్నది తాతగారి నాటి మూడెకరాలు. చట్టం ప్రకారం నాన్నగారు, అన్నయ్య, నేను వాటాదారులం. చుట్టాల్లో కొందరు ఆడపిల్లకి కట్నం ఇచ్చాక మళ్లీ పొలమేమిటన్నారు. నాన్నగారు ఒక సాయంత్రం మమ్మల్నందర్నీ వసారాలో కూర్చోబెట్టారు. అక్క, బావగారు కూడా వచ్చారు. కాగితం మీద మూడు గళ్లు గీశారు. "చట్ట ప్రకారం నాకో ఎకరం, అన్నయ్యకో ఎకరం, చిన్నమ్మాయికో ఎకరం. పంచేసుకుందాం. నా ఎకరం ఇక నా ఇష్టం కదా. అది పెద్దమ్మాయికి రాస్తున్నాను." భాగ పంపకం దస్తావేజు ఒకటి, సెటిల్‌మెంటు దస్తావేజు ఒకటి. ఒకే రోజు రెండూ రిజిస్టరు చేయించారు. తనకు ఏమీ ఉంచుకోలేదు. అన్నయ్య కిక్కురుమనలేదు సరికదా, స్టాంపు ఖర్చు తనే పెట్టుకున్నాడు. అక్క ఏడ్చింది.

తర్వాత నా ఆఫీసుకి పంపకం తగాదాతో ఎంతమంది వచ్చారో లెక్కలేదు. చట్టం ఇవ్వనిచోట ఇవ్వకూడదని చట్టం ఎక్కడా చెప్పలేదమ్మా అని నేను చెప్పే మాట ఆ వసారాలో నేర్చుకున్నదే. 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. 2005 నాటికి తండ్రి బతికి ఉన్నా లేకపోయినా కూతురికి హక్కుందని అందులో తేల్చారు. నాన్నగారికి అప్పటికి చూపు బాగా తగ్గింది. తీర్పులో ముఖ్యమైన పేరాలు నేను చదివి వినిపించాను. పూర్తయ్యాక, "అక్కకి ఫోన్ చెయ్యి" అన్నారు.

ఇప్పుడు అమ్మ గురించి. అమ్మ ముందు వరసలోనే ఉంది, ఆవిడకి ఇష్టం లేకపోయినా చెప్తాను. నాన్నగారి ఇంట్లో కక్షిదారులకు భోజనం పెట్టేవారని, ఎవరూ ఆకలితో వెనక్కి పోలేదని నా ముందు మాట్లాడినవాళ్లందరూ అన్నారు. నిజమే. ఆ భోజనం వండింది ఎవరు? పొద్దున్న ఎనిమిదింటికి బస్సు దిగినవాళ్లకి ఉప్మా, కాఫీ. కోర్టు నుంచి మధ్యాహ్నం వచ్చినవాళ్లకి అన్నం. ఎంతమంది వస్తారో ముందు తెలియదు. చిలకలపూడిలో రోల్డ్ గోల్డ్ పని చేసేవాళ్లు, గిలకలదిండి నుంచి చేపలు పట్టేవాళ్లు, పొలాల వాళ్లు. అందరికీ అదే వసారా, అవే కంచాలు. ఆ రోజుల్లో అది చిన్న సంగతి కాదు. కానీ ఆ కంచాలు కడిగిన చేతులు అమ్మవి. ఆవిడ పేరు ఏ డైరీలోనూ లేదు. నాన్నగారి సేవ అని మనం చెప్పుకునేదాంట్లో సగం అమ్మ నడుం నొప్పి. ఆయన ఉన్నప్పుడే ఆయన ముందే ఈ మాట అన్నాను, ఒప్పుకున్నారు.

1981లో అమ్మకి టైఫాయిడ్ వచ్చింది. లేచాక ఆవిడ ఒకే మాట అడిగింది: "వారంలో ఒక రోజు నాకు కూడా వాయిదా వెయ్యండి." ఆ వారం నుంచి ఆదివారం ఆఫీసు మూత. కలెక్టరు వచ్చినా సరే సోమవారమే. ఆదివారం పొద్దున్న వంట నాన్నగారిది. పప్పు, వంకాయ కూర, చారు, ఈ మూడే వచ్చు ఆయనకి. తర్వాత బామ్మకి పేపరు చదివి వినిపించేవారు. బామ్మకి చూపు లేదు. మొదటి పేజీ నుంచి చివరిదాకా, సినిమా ప్రకటనలతో సహా చదవాల్సిందే. సాయంత్రం అందరం మంగినపూడి బీచికి. తుపాను తర్వాత చాలా ఏళ్లు అమ్మ సముద్రం వైపు రానంది. నాన్నగారు బలవంతపెట్టలేదు, ఆవిడ రానన్న రోజుల్లో మేమెవ్వరం వెళ్లలేదు.

ఫీజుల గురించి కొంచెం చెప్పాలి, జూనియర్లు ఉన్నారు కాబట్టి. యాక్సిడెంటు కేసుల్లో పరిహారం వస్తే అందులో ఇంత శాతమని మాట్లాడుకోవడం చాలాచోట్ల ఉంది. ఇది బార్ కౌన్సిల్ నిబంధనలకు విరుద్ధం. గెలుపుని బట్టి ఫీజు, వచ్చినదాంట్లో వాటా, రెండూ కూడదు. నాన్నగారు ముందే ఒక మొత్తం చెప్పేవారు, ఇవ్వగలిగినప్పుడు ఇమ్మనేవారు. తండ్రి చనిపోయిన కేసుల్లో పిల్లల వాటాని మైనారిటీ తీరేదాకా ట్రిబ్యునల్ బ్యాంకులో డిపాజిట్ చేయిస్తుంది కదా, ఆ గడువు తేదీలు కూడా ఈ డైరీల చివరి పేజీల్లో ఉన్నాయి. పిల్లవాడికి పద్దెనిమిది నిండిన నెలలో కార్డు వెళ్లేది. ఆ డబ్బు వస్తుందని తెలియక మర్చిపోయిన కుటుంబాలు ఉన్నాయి. నిజంగా ఉన్నాయి.

లీగల్ సర్వీసెస్ అథారిటీ చట్టం 1987లో చేసినా 1995 నవంబరు 9న గానీ అమల్లోకి రాలేదు. వచ్చిన దగ్గర నుంచి నాన్నగారు పల్లెటూరి సభల్లో చెప్పిన మొదటి విషయం ఇదే: ఆడవాళ్లు, పిల్లలు, ఎస్సీ ఎస్టీలు, జైల్లో ఉన్నవాళ్లు, విపత్తులో నష్టపోయినవాళ్లు. వీళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా ప్రభుత్వ ఖర్చుతో లాయరుని ఇస్తారు. ఇవాళ ఇక్కడున్న ఆడవాళ్లలో ఎంతమందికి తెలుసో చేతులెత్తమని అడగను. తెలియనివాళ్లు ఇంటికెళ్లి ఇంకొకరికి చెప్పండి.

లోక్ అదాలత్ అంటే ఆయనకి ప్రాణం. రాజీ కుదిరితే కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది, అప్పీలు ఉండదు, తిరగడం తప్పుతుంది. గట్టు తగాదాలు, నోటు దావాలు ఎన్నో అలా ముగించారు. అయితే ఒక విషయంలో ఆయన మారారు. మొదట్లో భార్యాభర్తల కేసుల్లో కూడా రాజీ రాజీ అనేవారు. ఒకసారి ఆయన నచ్చజెప్పి కాపురానికి పంపిన ఒకావిడ మూడు నెలలకి చెయ్యి విరిగి తిరిగొచ్చింది. ఆ రాత్రి ఆయన అన్నం తినలేదు. డైరీలో ఆ తేదీ దగ్గర, "భయపడే మనిషితో రాజీ మాట్లాడకూడదు. తప్పు నాది" అని ఉంది. ఇంకు పెన్నుతో రాశారు, పెన్సిల్‌తో కాదు. ఆ తర్వాత అలాంటి కేసులు వస్తే ముందు నన్ను ఆవిడతో విడిగా మాట్లాడమనేవారు, తను బయట కూర్చునేవారు. ఎనభై నాలుగేళ్ల జీవితంలో ఆయన రాతపూర్వకంగా ఒప్పుకున్న తప్పు నాకు దొరికినంతవరకు ఇదొక్కటే. దాన్ని కూడా ఈ సభలో చెప్పమనే ఉండేవారు.

ఆఖరి నెలల్లో రాయలేకపోయేవారు. నేను కోర్టు నుంచి రాగానే ఏ కేసు ఏమైందో అడిగేవారు. చెప్పేదాన్ని. "ఏ ఊరు వాళ్లు?" అనేవారు. ఇప్పుడు నాకు తెలుసు కాబట్టి చెప్పేదాన్ని. చివరగా అడిగింది ఒక ఈపీ గురించి, అంటే డిక్రీని అమలు చేయించమని వేసే పిటిషన్ గురించి. డిక్రీ వచ్చి పన్నెండేళ్లయినా ఇంకా స్వాధీనం అందని ఇల్లు అది. ఆ పార్టీ వాళ్లు కూడా వచ్చారు, ఆ కిటికీ పక్కన ఉన్నారు. మీది వచ్చే నెల పద్నాలుగున పిలుస్తారండీ. సిద్ధంగా ఉన్నాను.

ఈ డైరీలు ఇవాళ మళ్లీ ఆఫీసుకే వెళ్తాయి. మీ ఇంట్లో ఎవరి పాత కేసు నంబరైనా, పాత దస్తావేజు తేదీ అయినా కావాల్సి వస్తే వచ్చి అడగండి, వెతికిపెడతాం. ఆదివారం తప్ప ఏ రోజైనా రండి.